గూడ జారినవాడి గోడు

ఎముకల ఆసుపత్రిలో డాక్టర్లు నోరు తెరవకూడదని సర్కారువారు నిర్ణయించిన ఏడాది, మన జిల్లాలో ఒక్కరికి కూడా ఎముక విరగలేదు. ఇది పైవాళ్ళు వేసిన లెక్క. పైవాళ్ళ లెక్కని కాదనడానికి మనమెవరం?

అంతకుముందు విరిగేవి. కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాడికి తొడ ఎముక విరిగేది. నూతిగట్టు మీద జారినావిడకి మణికట్టు విరిగేది. డాక్టర్లు చూసి ఇంగ్లీషులో ఏదో గొణుక్కుని సిమెంటు కట్టు వేసేవారు. ఎముక అతుక్కునేది. మనిషి ఇంటికి పోయేవాడు. అంతా బాగానే ఉండేది గాని, తనకేమైందో మనిషికి తెలిసేది కాదు. ఒకావిడ మొగుడికి ముంజేతి ఎముక విరిగితే డాక్టరు "అల్నా పోయింది" అన్నాడు. ఆ పోయిన అల్నా ఎవత్తో, తన మొగుడికి ఏమవుతుందో తేల్చమని ఆవిడ కుల పంచాయతీ పెట్టించింది. ఆ కబురు అంచెలంచెలుగా రాజధానికి చేరింది. అక్కడ పెద్దలకి కళ్ళు చెమర్చాయి. ప్రజల శరీరాలు ప్రజల భాషలో లేవన్నమాట!

వెంటనే ఉత్తర్వు వచ్చింది. రోగి నోట ఏ మాట వస్తే అదే అతని రోగం. ఆ మాటకి అర్థం చెప్పడానికి ఆసుపత్రికొక నుడికారాధికారి ఉంటారు. అర్థం తేలాకనే డాక్టరు రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. తేలకముందు వేస్తే శిక్ష.

ఆసుపత్రి గుమ్మంలో నిలువెత్తు బొమ్మ ఒకటి గీయించారు. చేతులూ కాళ్ళూ చాపుకున్న మనిషి. ప్రతి కీలుకీ, ప్రతి కండకీ ఒక గీత, గీత చివర పేరు. మోచెయ్యి అనాలా మోచేయి అనాలా అన్నది కమిటీలో తేలలేదు కాబట్టి అక్కడ ఖాళీ. పాదం దగ్గర కూడా ఖాళీయే. పాదాలు దేవుళ్ళకీ గురువులకీ ఉంటాయి, మామూలు జనానికి ఉండేవి కాళ్ళే కదా అని ఒక సభ్యుడు అడ్డం తిరిగాడట.

ఆ బొమ్మ కిందనే గనగళ్ల దానయ్య వచ్చి నిలబడ్డాడు.

దానయ్య ఉప్పుటేరులో విసురువల వేసుకుని బతికే మనిషి. ఆవేళ తెల్లవారుతూనే వల విసిరాడు. వల నీళ్ళలో ఏదో మోడుకి తగులుకుంది. పడవ ఒకవైపు పోయింది, వల ఒకవైపు ఉండిపోయింది, దానయ్య కుడిచెయ్యి మధ్యలో ఉంది. టక్కుమంది. అంతే, చెయ్యి వేలాడిపోయింది. ఎడమచేత్తో కుడి భుజాన్ని అదిమి పట్టుకుని, పెళ్ళాం పోలమ్మతో ఆటోలో వచ్చాడు. దారిలో గొయ్యి వచ్చినప్పుడల్లా పోలమ్మ ఆటోవాణ్ణి తిట్టింది. దానయ్య మామూలుగానే ఎక్కువ మాట్లాడడు.

రోగులు మాట చెప్పుకునే కిటికీ వెనక నుడికారాధికారి యజ్ఞేశ్వరం గారు కూర్చున్నారు. శుభ్రమైన మనిషి. బల్ల మీద లావుపాటి నిఘంటువు, పక్కన రాగిచెంబుతో నీళ్ళు.

"ఏమి కష్టము నాయనా? నీ నోటితో నీవే చెప్పు. ప్రభుత్వం వింటోంది."

"గూడ జారిపోనాది బాబూ."

యజ్ఞేశ్వరం గారు కళ్ళు మూసుకుని ఆ మాటని నాలిక మీద వేసుకుని చూశారు.

"గూడు. అనగా నివాసము. గూడు చెదిరినదని లోకవ్యవహారము. పాపం, ఇల్లు కూలిపోయిందోయ్ ఇతనికి. తహసీల్దారు ఆఫీసుకి పంపండి."

"ఇల్లు ఉన్నాది బాబూ," అన్నాడు దానయ్య.

"ఓలమ్మో, ఇల్లు కాదు బాబూ!" పోలమ్మ మొగుడి భుజం మీద వేలు పెట్టి చూపించింది. "ఇది! ఇక్కడ! గూడ!"

"చూపించరాదమ్మా. చూపు నుడికారం కిందికి రాదు. మాట కావాలి." ఆయన నిఘంటువు తిప్పారు. వేలు ఒకచోట ఆగింది. మొహం వెలిగింది. "ఆఁ, దొరికింది! గూడ, చేలకి నీళ్ళు తోడే వెదురుబుట్ట. అది చెయ్యి జారి కాలవలో పడిపోయింది. ఇది నీటిపారుదల శాఖ వారి పని. ఎడమచేతి వైపు వెళ్ళి బస్సు ఎక్కండి."

నిఘంటువులో ఆ మాట కిందనే, రెండో అర్థంగా 'భుజపు కీలు' అని కూడా ఉంది. అయితే మొదటి అర్థం కుదిరాక రెండో అర్థానికి పోకూడదని ఉత్తర్వులోనే రాసి ఉంది.

వరండా చివర డాక్టర్ హైమావతి నిలబడి ఉంది. చేపలు కొనేవాళ్ళు మొప్పలు చూసినట్టు దూరం నుంచే దానయ్య భుజం చూసింది. గుండ్రంగా ఉండాల్సిన భుజం పలకతేలి ఉంది. దాని కింద గుంట పడింది. ఆవిడ అటూ ఇటూ చూసి, పోలమ్మని స్తంభం చాటుకి పిలిచింది.

"జబ్బ ఎముక తలకాయ గిన్నెలోంచి బయటికి వచ్చేసిందమ్మా. పట్టుకుని లాగి, కాస్త తిప్పితే మళ్ళీ కూర్చుంటుంది. క్షణం పని."

"మరింకేటి, లాగీయమ్మా!"

"నేను లాగితే నన్ను లాగేస్తారు. పోయిన నెల ఒకాయన అర్థం తేలకముందే ఒకడి మడమ ముట్టుకున్నాడు. ఇప్పుడు మందుల గోడౌన్లో అట్టపెట్టెలకి కాపలా కాస్తున్నాడు."

"ఉండనీ. రేపొచ్చి లాగించుకుంటాం."

"రేపు కాదు. పొద్దుగూకేలోగా అవ్వాలి. చుట్టూ ఉన్న కండలు బిగుసుకుపోతున్నాయి. బిగుసుకుంటే కొయ్యాలి. కోసినా చెయ్యి తలపైకి లేస్తుందని నేను మాటివ్వలేను."

పోలమ్మ మొహం పాలిపోయింది. తలపైకి లేవని చేత్తో వల విసరలేరు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అయితే ఏటి సెప్పమంటావు తల్లీ?"

"గూడ అనొద్దు. చెయ్యి ఆడడం లేదని చెప్పమను. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది."

దానయ్య మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నోట్లో మాటని ఒకసారి అనుకుని చూసుకున్నాడు. తప్పు లేదనిపించింది.

"బాబూ, సెయ్యి ఆడట్నేదు."

యజ్ఞేశ్వరం గారు జాలిగా చూశారు. "ఆ మాట ముందే చెప్పవచ్చును కదయ్యా! చేయి ఆడకుండుట యనగా చేతిలో డబ్బు లేకుండుట. నీది దారిద్ర్యము. దానికి ఎముకల ఆసుపత్రికి వస్తే ఎట్లా? సంక్షేమ శాఖకి పొండి."

"డబ్బు కాదు బాబూ, సెయ్యే ఆడట్నేదు!"

"అదే కదా నేనంటున్నది. ఇంత చక్కని నుడికారము పలికి, నీకే దాని విలువ తెలియదే!"

హైమావతి పక్కనించి దగ్గింది. పెదాలతోనే "భుజం, భుజం" అంది. దానయ్య ఆవిడ పెదాల వంక చూసి, "బుజం" అన్నాడు. అంటూ నొప్పికి ఎడమచేత్తో భుజాన్ని ఇంకాస్త అదుముకున్నాడు.

యజ్ఞేశ్వరం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"భుజము! పైగా తడుముకుంటున్నాడు! భుజము తడుముకొనుట అపరాధ సూచకము. ఏం చేసి వచ్చావురా? ఎవరక్కడ, కానిస్టేబుల్ని పిలవండి!"

ఆసుపత్రి కానిస్టేబులు వచ్చాడు. చెయ్యి పట్టుకోబోయాడు. దానయ్య పెట్టిన కేక విని వదిలేశాడు. ఏం నేరమో తేలేదాకా వార్డులో కూర్చోబెట్టమన్నారు.

వార్డు నిండుగా ఉంది. ఎముక విరిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మొదటి మంచం మీద కామేశం ఉన్నాడు. పెళ్ళివంటలు చేస్తాడు. మోకాలు వాచిందని వచ్చాడు. కిటికీ దగ్గర నువ్వెవరని అడిగితే, అందరితో చెప్పుకునేట్టే గొప్పగా "చెయ్యి తిరిగిన వంటవాణ్ణి" అన్నాడు. తిరిగిన చేతిని వెనక్కి తిప్పి సిమెంటు కట్టు వేశారు. ఏ చెయ్యో చెప్పలేదు గనక రెండూ వేశారు. మోకాలు అలాగే ఉంది.

"తమ్ముడూ, నీకో చెయ్యి బాగున్నట్టుందే. కాస్త ముక్కు గోకుదూ? పొద్దుట్నించీ చచ్చిపోతున్నా," అన్నాడు కామేశం.

దానయ్య ఎడమచేత్తో గోకాడు.

"ఎడమపక్క. ఆఁ. ఆఁ. నిండు నూరేళ్ళు బతుకు. నీకేటైంది?"

"ఇల్లు పడిపోనాది, బుట్ట కొట్టుకుపోనాది, డబ్బుల్లేవు, దొంగతనం సేసినాడు," అంది పోలమ్మ. ఏడుస్తూనే అంది.

"బాగా మాట్లాడించినట్టున్నారే."

రెండో మంచం మీద ఒకాయనకి కాలికి ఇటుకలు వేలాడదీశారు. ఆయనకి చీలమండ బెణికింది. పక్కనున్న భార్య మాటవరసకి "ఈయనకి ఇంట్లో కాలు నిలవదండీ" అంది. నిలబెట్టారు. ఆవిడ మంచం పక్కన కూర్చుని నిమ్మళంగా పూలు కట్టుకుంటోంది. "పెళ్ళయ్యాక ఈయన ఒకచోట ఉండగా చూడడం ఇదే మొదలు," అంది పోలమ్మతో. మూడో మంచం మీద పింఛను పుచ్చుకున్న గుమాస్తా. వరసలో నిలబెట్టి నిలబెట్టి చంపుతున్నారని విసుగెత్తి, అరికాలి మంట నెత్తికెక్కిందన్నాడు. అరికాలికీ నెత్తికీ కట్టు వేశారు. మంట ఎక్కిన దారి తెలియలేదని మధ్యలో వదిలేశారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హడావుడి మొదలైంది. పైనుంచి డైరెక్టరు గారు చూడ్డానికి వస్తున్నారు. నేల కడిగారు. గుమ్మంలో బొమ్మకి పూలదండ వేశారు. సూపరింటెండెంటు లోకనాథం గారు కోటు వేసుకుని ముందు నడుస్తుంటే, డైరెక్టరు గారు, వెనక యజ్ఞేశ్వరం గారు, అందరికన్నా వెనక డాక్టర్లు వచ్చారు. డాక్టర్లు నోరు మూసుకుని చేతులు కట్టుకుని ఉన్నారు.

"సార్, సదరు పథకం అమల్లోకి వచ్చిన నాటి నుంచి," అన్నారు లోకనాథం గారు, "ఈ ఆసుపత్రి పరిధిలో ఎముకలు విరిగిన కేసులు శూన్యం సార్. కీళ్ళు తప్పిన కేసులు శూన్యం. కండరాలు చితికిన కేసులు కూడా శూన్యం. ప్రజల శరీర పరిస్థితి గణనీయంగా మెరుగుపడిందని ఇందుమూలంగా మనవి."

"మరి ఇంతకుముందు అన్ని విరిగేవే?"

"ఇంగ్లీషులో విరిగేవి సార్."

డైరెక్టరు గారు చాలా ఆలోచనగా తలూపారు. అలా నడుచుకుంటూ వచ్చి దానయ్య ముందు ఆగారు. దానయ్య ఒళ్ళంతా చెమట. పెదాలు తెల్లబడ్డాయి.

"ఎలా ఉంది బాబూ? ఇక్కడ సదుపాయాలన్నీ బాగున్నాయా?"

"పేనం పోతంది బాబూ," అన్నాడు దానయ్య.

అందరూ యజ్ఞేశ్వరం గారి వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ప్రాణము పోవుచున్నది. వర్తమాన కాలము. అంటే ఇంకా పోలేదు. పోయినచో భూతకాలము అవుతుంది, అప్పుడు శవాగారమునకు పంపుటకు మనకు అధికారము వస్తుంది. ప్రస్తుతానికి ఇది అసంపూర్ణ క్రియ."

"స్పష్టంగా ఉంది," అన్నారు డైరెక్టరు గారు.

పోలమ్మ లేచి నిలబడింది. పమిట నడుముకి బిగించింది.

"ఓరి మీ అర్దాలు తగలడ! పొద్దుట్నించీ ఒక్కడైనా ఈడి బుజం మీద సెయ్యేసి సూసినాడా? మా గేదె కాలు బెణికితే రోడ్డుకి అటేపు పశువులాసుపత్రికి తోలుకెల్లినాను. ఏటైందే అని ఎవుడైనా దాన్ని అడిగినాడేటి? సూసినారు, పట్టినారు, కట్టినారు! మడిసి కంటే గొడ్డు నయం కదేటి మీ రాజ్జెంలో!"

లోకనాథం గారు కంగారుగా డైరెక్టరు గారి మొహం చూశారు. యజ్ఞేశ్వరం గారు మాత్రం ఏమీ తొణకలేదు. పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పారు.

"అమ్మా, నీవు కోపగించరాదు. పశువులకి నుడి లేదు. నుడి లేని చోట నుడికారము ఎక్కడిది? అవి నోరులేని జీవులు. వాటికి ఈ ఉత్తర్వు వర్తించదు."

వెనక వరసలోంచి హైమావతి ముందుకి వచ్చింది. డాక్టర్లు రోగం మాట ఎత్తకూడదు గాని, ఉత్తర్వు గురించి అడగొచ్చు.

"నోరులేని జీవులకి ఉత్తర్వు వర్తించదాండీ?"

"ఎట్లా వర్తిస్తుందమ్మా?"

"ఏ జీవికైనా?"

"జీవి ఏదైనా ఒకటే. నోరు లేకపోవుట ముఖ్యము."

"డైరెక్టరు గారు కూడా అదే అంటారా?"

"అందులో సందేహం ఏముంది?" అన్నారు డైరెక్టరు గారు. ఆయనకి కాఫీ వేళయింది.

హైమావతి దానయ్య వైపు తిరిగింది. కళ్ళలోకి చూసింది. "ఇంక నువ్వు మాట్లాడకు," అంది మెల్లిగా.

దానయ్యకి ఆవేళ ఆసుపత్రిలో అర్థమైన మొదటి మాట అదే.

"సార్, ఈ రోగిని మరోసారి అడగండి," అంది హైమావతి.

"ఏమయ్యా, నీ కష్టమేమి?" అడిగారు యజ్ఞేశ్వరం గారు.

దానయ్య పలకలేదు.

"నీ నోటితో చెప్పవయ్యా. ఏమి జారినది? ఏమి ఆడుట లేదు?"

దానయ్య పళ్ళు బిగించుకున్నాడు. నుదుటి మీంచి చెమట జారి ముక్కు చివర ఆగింది. పలకలేదు. కామేశం మంచం మీంచి గట్టిగా అన్నాడు: "ఆడికి నోరు లేదు సార్. పాపం, మంచి జీవం."

యజ్ఞేశ్వరం గారు చాలాసేపు దానయ్య నోటివైపు చూశారు. చివరికి ఒప్పుకోక తప్పలేదు. మాట లేదు, అర్థం లేదు, కాబట్టి ఇది తన పరిధిలోది కాదు. "నోరులేని జీవి. సంబంధిత ఆసుపత్రికి తోలవలసినది," అని పలికారు. లోకనాథం గారు పాయింటు నోట్ చేసుకున్నారు. జీవి దారిలో బెదరకుండా వెంట ఒక డాక్టరు వెళ్ళాలని హైమావతి అడిగితే, మానవతా దృక్పథంతో ఒప్పుకున్నారు.

రోడ్డు దాటేసరికి ఎండ వాలిపోయింది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు అప్పలసూరి తాళం వేసుకోబోతున్నాడు.

"ఏటమ్మా, మనిషిని తెచ్చినారు?"

"మనిషి కాదు. కాగితం మీద కాదు," అంది హైమావతి. "ఆ ఇనప బోను తెరువు. తాడు కావాలి. నువ్వు అటు గట్టిగా పట్టుకోవాలి."

గేదెలు కదలకుండా నిలబెట్టే బోను అది. దానయ్యని అందులో నిలబెట్టారు. అప్పలసూరి గుడ్డ చుట్టిన తాడు దానయ్య చంక కిందనుంచి పోనిచ్చి, ఎదురుదిక్కున ఊచలకి ఆన్చి పట్టుకున్నాడు. పోలమ్మ మొగుడి తలకాయ తన రొమ్ముకి అదుముకుంది. హైమావతి చెప్పులు విప్పి, కొంగు దోపుకుని, దానయ్య మణికట్టు పైన రెండు చేతులూ వేసింది. లాగడం మొదలుపెట్టింది. కుదుపు లేదు, తొందర లేదు. నీళ్ళలోంచి వలని దారం తెగకుండా తీసినట్టు ఊరికే లాగుతూ ఉంది. బిగుసుకున్న కండలు మొండికేశాయి. ఆవిడకి చెమటలు కారాయి. వదల్లేదు.

"కండ వదులు. చెయ్యి నీది కాదనుకో. వదిలెయ్."

దానయ్య వదిలాడు. ఆవిడ చెయ్యి బయటివైపుకి కాస్త తిప్పింది.

గుబుక్కుమంది.

"అమ్మా!" అని అరిచాడు దానయ్య.

 పలకతేలిన భుజం గుండ్రంగా అయింది. దానయ్య కళ్ళు తెరిచి, కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాడు. ముడుచుకున్నాయి. పోలమ్మ నేలమీద చతికిలబడి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది.

అప్పలసూరి మాత్రం దిగులుగా నిలబడ్డాడు. "అరిచీనాడమ్మా. మాటొచ్చీసింది. రేపు అడిగితే నానేటి రాసేది?"

"ఏమని అరిచాడు?"

"అమ్మా అన్నాడు."

"గేదెలు ఏమంటాయి?"

అప్పలసూరి ఆలోచించాడు. నవ్వు మొహంతో 'అంబా' అని రాసుకున్నాడు. కింద చికిత్స కూడా రాసిచ్చాడు: పచ్చిమేత, చల్లని నీడ, మూడు వారాలు మెడ మీద కాడి మోపరాదు. హైమావతి చదివి, అంతా సరిగ్గానే ఉందంది. చేతిని ఒంటికి ఆన్చి గుడ్డతో కట్టింది.

మర్నాటి నుంచి ఎముకల ఆసుపత్రిలో ఒక వింత జరిగింది. రోగులెవరూ నోరు విప్పడం లేదు. చేతులు మూటగట్టుకున్నవాళ్ళూ, ఒంటికాలి మీద గెంతేవాళ్ళూ కిటికీ దగ్గరికి రావడం, యజ్ఞేశ్వరం గారు అడగడం, వాళ్ళు ఆయన మొహంలోకి చూసి ఊరుకోవడం. తరవాత వరసగా రోడ్డు దాటడం. కామేశాన్ని ఇద్దరు పట్టుకుని దాటించారు. అప్పలసూరి కట్టు కోస్తుంటే ముక్కు తానే గోక్కోవచ్చునన్న ఆనందంలో నోరు జారబోయి, నాలిక కరుచుకున్నాడు. పగలల్లా అట్టపెట్టెలు కాసే డాక్టరు కూడా సాయంత్రాలు అక్కడికే వచ్చి, ఎద్దుల మధ్య నిలబడి కీళ్ళు సర్దేవాడు.

ఎముకల ఆసుపత్రి నుంచి ప్రభుత్వానికి నివేదిక వెళ్ళింది. రోగుల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదని. దేశంలో ఏ ఆసుపత్రీ ఇంతటి తృప్తిని సాధించలేదని పెద్దలు మెచ్చుకున్నారు. యజ్ఞేశ్వరం గారికి శాలువా కప్పారు. అదే సభలో ఇంకో లెక్క కూడా ఎవరో చదివారు. జిల్లాలో పశువుల కాళ్ళు విపరీతంగా విరుగుతున్నాయట. మూగజీవాల గోడు ఇన్నాళ్ళూ ఎవరూ వినలేదే అని పెద్దలకి మళ్ళీ కళ్ళు చెమర్చాయి.

మూడు వారాలయ్యాక దానయ్య భుజం చూపించుకోవడానికి పశువుల ఆసుపత్రికి వచ్చాడు. ఆవరణ నిండా జనం, గొడ్లు, ఒకే వరసలో. ఒక్క మనిషి మాట్లాడడం లేదు. దానయ్య ముందు ఒక ముసలి గేదె కుంటుతూ నిలబడింది. అందరికన్నా ముందు కొత్త బల్ల వేసుంది. బల్ల మీద నిఘంటువు, రాగిచెంబు. యజ్ఞేశ్వరం గారు పెన్ను మూత తీసి, చెవి ముందుకి చాపి, ఎంతో మర్యాదగా ఆ గేదె వైపు వంగారు.

గేదె ఆయన్ని చూసింది. మెడ పైకెత్తింది. నోరు తెరవబోయింది.

దానయ్య కుడిచెయ్యి వల విసరడానికి లేచినంత చులాగ్గా లేచి, ఆ గేదె మూతిని పట్టుకుని గట్టిగా మూసేసింది.